సూది దూరిన ఓడలు

మా ఆయన్ని యార్డులో అందరూ సూది అంటారు. పెళ్ళైన కొత్తలో ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండేది. కట్టుకున్న మనిషిని పట్టుకుని సూది, దబ్బనం అంటుంటే ఏ ఆడదానికి బాగుంటుంది? ఆ పేరే ఆయన ఉద్యోగమని తర్వాత తెలిసింది. ఇక నోరు మూసుకున్నాను.

మా యార్డులో చమురు ఓడలు కడతారు. చమురు ఓడకి ఒక్క గోడ చాలదని రూలు. చమురు నిలిచే గోడ లోపల ఒకటి, సముద్రం తగిలే గోడ బయట ఒకటి, రెండిటి మధ్య మనిషి నిలబడేంత సందు. ఓడ వెళ్ళి రాయికి గుద్దుకున్నా చిరిగేది బయటి గోడ. సముద్రం సందులోకి వస్తుంది గానీ చమురు సముద్రంలోకి పోదు. ఎవరు రాశారోగాని బుర్ర పెట్టి రాశారు. కాకపోతే ఆ సందు ఊరికే ఉండదు. ఓడ ఖాళీగా వెళ్ళేటప్పుడు బరువు కోసం అందులో సముద్రపు నీళ్ళు నింపుతారు. ఉప్పు నీళ్ళు, ఇనుము, చీకటి. తుప్పు పట్టడానికి ఇంతకన్నా ఏం కావాలి? అందుకని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు లోపలికి పాకి, లైటు వేసి, సుత్తితో తట్టి, మూలమూలా చూసి రావాలి. సందులో అడ్డంగా నిలిపిన ప్రతి ఇనప పలకకీ అందుకోసం ఒక కన్నం ఉంటుంది. వీపు మీద గాలి సిలిండరు కట్టుకున్న మనిషి ఆ కన్నంలో పట్టాలి. లోపల కళ్ళు తిరిగి పడిపోతే అదే దారిలో మోసుకురావడానికి వీలవ్వాలి. ఇది కూడా రూలే.

మా ఆయన మామూలు రోజుల్లో రంగులు వేస్తాడు. ఓడ పూర్తికావొచ్చి, అంతా రూలు ప్రకారం ఉందో లేదో చూసి సంతకం పెట్టే సర్వేయర్ వచ్చిన రోజున మాత్రం మేనేజర్ ఆయన్ని పిలిచి, వీపుకి సిలిండరు కట్టించి, ఆ కన్నాల్లో దూరమంటాడు. ఆయన ఒక వైపు మాయమై ఇంకో వైపు తేలతాడు. సర్వేయర్ సరేనంటాడు. ఆ సాయంత్రం మేనేజర్ మా ఆయన భుజం తట్టి, "నువ్వు ఉన్నంతకాలం మన ఓడలకి ఢోకా లేదోయ్" అంటాడు. ఈయన పొంగిపోయి ఇంటికొస్తాడు. ఒక పూట కాస్త ఎక్కువ తింటే చాలు, మర్నాడు నడుం బెల్టు చూసుకుని దిగులు పడేవాడు. ఇంత తిని అరాయించుకోలేని మొగుడు నాకే దొరకాలా అని విసుక్కునేదాన్ని.

నా పని కూడా ఆ ఓడల మీదే. ఓడ పైన డెక్కు మీద, సందులోకి దిగే కన్నం దగ్గర కాపలా. లోపలికి దిగే ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ నాకిచ్చి దిగాలి. బిళ్ళ కొక్కానికి వేలాడుతున్నంతసేపూ ఆ మనిషి లోపల ఉన్నట్టే. ముందుగా గ్యాస్ మీటరు తాడు కట్టి దించి గాలి చూస్తాను. తర్వాత స్పానరుతో ఇనుము మీద ఒక దెబ్బ కొడతాను. లోపలి మనిషి తిరిగి ఒక దెబ్బ కొడితే బాగున్నట్టు. ఆగకుండా కొడుతుంటే బాగోలేనట్టు. ఆ సందుల్లో మాట నాలుగడుగులు పోయేసరికి చచ్చిపోతుంది గానీ ఇనుము మీద దెబ్బ ఓడ చివరిదాకా వినిపిస్తుంది. బిళ్ళ వెనక్కి తీసుకోకుండా ఎవడైనా ఇంటికెళ్ళబోతే వాడికి ఆ రోజు నా నోటి దెబ్బలు తప్పవు. నాకు నోరు ఎక్కువని యార్డంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

అలాంటి రోజుల్లో మా తమ్ముడు వచ్చాడు.

వాణ్ణి ఇంట్లో గున్న అంటాం. పుట్టినప్పుడే అంత బరువు, ఇప్పుడు గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. చమురు ఓడల మీద పంప్‌మ్యాన్. చమురు నింపడం, తోడడం, నీళ్ళు నింపడం, ఆ పంపులూ గొట్టాలూ అన్నీ వాడి చేతిలో ఉంటాయి. మా యార్డులో అప్పుడు కడుతున్న ఓడ మీదికే వాణ్ణి వేశారు. ఓడ చేతికి రాకముందే దాన్ని చూసుకుని అలవాటు పడాలని కంపెనీవాళ్ళు కొంతమందిని ముందుగా పంపిస్తారు. అలా వచ్చి మా ఇంట్లోనే దిగాడు. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలిన పుట్టిల్లు వాడొక్కడే. వాడు నా ఇంట్లో ఉండగా, నేను వాణ్ణి మేపుతూ ఉండగా, నాకు లోకంలో ఇంకేం అక్కర్లేదనిపించింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర వాడు కూర్చుంటే కుర్చీ కుయ్యోమంది.

"బావా, నీ వాటా కూడా నాకే పెట్టేస్తోంది అక్క. నువ్వు గాలి పీల్చి బతుకుతున్నావా?" అన్నాడు.

"నీకు పెట్టగా మిగిలితే కదా నాకు? ఓడకి లంగరు ఎందుకురా, నువ్వు దూకితే చాలదూ" అన్నాడు మా ఆయన.

ఇద్దరూ ఇలా కొట్టుకుంటుంటే నాకు సరదాగానే ఉంది. అంతలో మా ఆయన వంగి గిన్నె అందుకోబోయి "అబ్బా" అన్నాడు. చొక్కా పైకెత్తి చూశాను. వీపు మీద, రెక్క ఎముక పక్కన, నిలువుగా కమిలిపోయి ఉంది. రెండు రోజుల క్రితం మేనేజర్ రిహార్సల్ చేయించాడట, సర్వేయర్ వచ్చేముందు.

"ఇదేంటి? ఎక్కడ తగిలింది?" అన్నాను.

"ఏం లేదు. మూడో పలక దగ్గర కాస్త బిగువు."

"బిగువేంటి బావా? కన్నం కొలత రూలు ప్రకారం ఉండాలిగా?" అన్నాడు గున్న. నవ్వు ఆగిపోయింది వాడికి.

"కన్నం కొలత బాగానే ఉంది. కన్నం దాటగానే గొట్టం ఉంది."

అప్పుడు చెప్పాడు. ఇనుము పలకల బొమ్మలు గీసేవాళ్ళు ఆఫీసులో పై అంతస్తులో కూర్చుంటారు. గొట్టాల బొమ్మలు గీసేవాళ్ళు కింది అంతస్తులో. పైవాళ్ళ కాగితంలో కన్నం రూలు చెప్పినంత ఉంది. కిందివాళ్ళ కాగితంలో గొట్టం రూలు చెప్పిన చోటే ఉంది. ఏ కాగితం తీసి చూసినా తప్పు పట్టలేం. రెండూ కలిసి ఇనుమయ్యాక మాత్రం మూడో పలక మొదలు ప్రతి కన్నానికీ జానెడు వెనక లావుపాటి గొట్టం అడ్డంగా నిలబడింది. కన్నంలో భుజాలు పెట్టినవాడు అక్కడే నడుం మెలితిప్పి, ఊపిరి వదిలేసి, పక్కకి జారాలి. వీపు మీద సిలిండరుతో సహా.

"మరి చెప్పలేదా?" అన్నాను.

"ఈ నమూనా ఓడల్లో మొదటిదానికే చెప్పాను. మేనేజర్ అన్నాడు, నువ్వు దూరావుగా, ఇంకేంటి అని." మా ఆయన గిన్నెలోకి చూస్తూ కూర్చున్నాడు. "దూరానుగా మరి."

గున్న చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం సగం అలానే ఉంది. వాడు పళ్ళెంలో వదిలేయడం నేనెప్పుడూ చూడలేదు.

"నేను పడతానా బావా?"

"నువ్వా? నీ చెయ్యి పడుతుంది" అన్నాడు మా ఆయన. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే నేనూ గున్నా మేనేజర్ గదికి వెళ్ళాం. మేనేజర్ చెడ్డవాడు కాదని అందరూ అంటారు. పేరు పెట్టి పలకరిస్తాడు, పిల్లల చదువులడుగుతాడు. నవ్వుతూ నవ్వుతూనే పని కానిచ్చుకుంటాడు. మేం చెప్పింది అంతా విని, సొరుగులోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

"కొలిచి చూసుకోండి. కన్నం ఒక్క వెంట్రుకవాసి తగ్గితే నా ఉద్యోగం రాసిచ్చేస్తాను."

"కన్నం గురించి కాదు సార్. వెనక గొట్టం" అన్నాడు గున్న. "రేపు లోపల ఎవడైనా పడిపోతే వాణ్ణి ఎలా లాక్కురావాలి?"

"మీ బావ వెళ్ళి వస్తున్నాడు కదా."

"మా ఓడ మీద మా బావ ఉండడు సార్. నాలాంటివాళ్ళు ఉంటారు. ఇరుగ్గా ఉన్న చోటికి ఎవడూ పోడు. గుమ్మంలో నిలబడి లైటు వేసి, బాగుందని చెప్పేస్తాడు. అవతల తుప్పు తింటూ ఉంటుంది. రెండు గోడలున్నాయని అందరూ ధైర్యంగా ఉంటారు. ఒక రోజుకి ఒక గోడే ఉంటుంది, దాన్నీ ఎవడూ చూసి ఉండడు."

మేనేజర్ అప్పటికీ నవ్వుతూనే ఉన్నాడు. "గొట్టం జరపాలంటే సగం ఓడ విప్పాలి బాబూ. నువ్వు కాస్త ఒళ్ళు తగ్గించుకో, అది తేలిక" అన్నాడు. నాకు ఆ టేపు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. గున్న నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశాడు.

మెట్లు దిగుతూ వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. పంపుల సంగతేదైనా తేడాగా ఉంటే వాడు అలాగే ఉంటాడు, మాట్లాడడు, చెవి గొట్టానికి ఆనించి వింటున్నట్టు ఉంటాడు. వాడు ఊరుకునే రకం కాదు.

సర్వేయర్ వచ్చిన రోజు ఎండ చురచురమంటోంది. డెక్కు మీద ఇనుము చెప్పుల్లోంచి కాలుతోంది. సర్వేయర్ పెద్ద వయసు మనిషి. మోకాలు నొప్పి, మెట్టు మెట్టుకీ ఆగుతాడు. మర్యాదస్తుడు, నన్ను కూడా అమ్మా అని పిలుస్తాడు. ఆయన నిచ్చెన దిగి మొదటి పలక దాకా వెళ్ళి, కన్నం టేపుతో కొలిచి, పైకొచ్చి చెమట తుడుచుకున్నాడు.

"కొలత సరిపోయింది. ఇక ఎవరైనా ఒకరు సిలిండరుతో ఈ చివర దిగి ఆ చివర తేలితే చాలు" అన్నాడు.

"సూదీ!" అని కేకేశాడు మేనేజర్.

మా ఆయన లేచాడు. ఆయనకన్నా ముందు గున్న వెళ్ళి సిలిండరు ఎత్తుకున్నాడు.

"నేను వెళ్తాను సార్. ఈ ఓడ మీద పని చేసేది నేను" అన్నాడు సర్వేయర్‌తో.

మేనేజర్ నవ్వు మొదటిసారి కాస్త వంకర పోయింది. సర్వేయర్ ముందు కాదనడానికి ఏం కారణం చెబుతాడు? కన్నం మనిషి పట్టేలా ఉందన్నాక ఏ మనిషైనా ఒకటేగా? "కానీయండి" అన్నాడు.

నేను వాడి బెల్టు పట్టుకున్నాను. "వద్దురా. బావ వెళ్తాడులే" అన్నాను మెల్లగా.

"బావ వెళ్తే సంతకం పడిపోతుందక్కా" అన్నాడు వాడు. బిళ్ళ నా అరచేతిలో పెట్టాడు. ముసుగు మొహానికి తగిలించుకున్నాడు. నిచ్చెన మీద వాడి తల దిగిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. మీటరు అంతకుముందే చూశాను. కొత్త రంగు వాసన ఉన్నా గాలి ఫరవాలేదు.

స్పానరుతో ఒక దెబ్బ కొట్టాను. లోపల నుంచి ఒక దెబ్బ. మొదటి పలక దాటాడు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ ఒక దెబ్బ. ఈసారి దూరంగా.

మూడోసారి కొట్టాను. ఏం లేదు.

మేనేజర్ సర్వేయర్‌కి ఏదో చెబుతున్నాడు, కొత్త రంగు ఎన్నేళ్ళు నిలుస్తుందో. నేను మళ్ళీ కొట్టాను. అప్పుడు మొదలైంది. టక్ టక్ టక్ టక్ అని ఆగకుండా, ఇనుమంతా పాకుతూ, నా అరికాళ్ళ కింద నుంచి నా పళ్ళలోకి వచ్చేసింది. నేనేం అరిచానో నాకు తెలీదు. అందరూ కన్నం దగ్గరికి పరిగెత్తుకొచ్చారు.

ఒక వెల్డర్ దిగి చూసి, పైకొచ్చి చెప్పాడు. మూడో పలక కన్నంలో గున్న భుజాలు దాటాయి. సిలిండరు గొట్టానికీ కన్నం అంచుకీ మధ్య చీలలా బిగుసుకుంది. ముందుకి పోలేడు, వెనక్కి రాలేడు. కాళ్ళు పట్టుకుని లాగితే ఇంకా బిగుస్తోంది. బెల్టు కట్లు ఛాతీ వైపున్నాయి, అంటే పలకకి అవతల. ఇటునుంచి ఎవరి చెయ్యీ అందదు.

"గొట్టం కోసెయ్యండి!" అన్నాను.

"కొత్త రంగమ్మా. నిప్పు పెడితే లోపలంతా భగ్గుమంటుంది" అన్నాడు వెల్డర్. వాడి మొహం చూస్తే నిజమే చెబుతున్నాడని తెలిసింది.

మా ఆయన అప్పటికే అక్కడ లేడు. డెక్కు మీద ఆ చివర కన్నం వైపు పరిగెడుతున్నాడు. సిలిండరు భుజానికి తగిలించుకుంటూ, బిళ్ళ తీసి నా వైపు విసిరాడు. అది డెక్కు మీద దొర్లుకుంటూ వచ్చి నా కాలికి తగిలింది. తీసి కొక్కానికి పెట్టాను. రెండు బిళ్ళలు పక్కపక్కనే ఊగుతున్నాయి. ఒకటి నా మొగుడు, ఒకటి నా తమ్ముడు. దేవుడా, ఇదేం లెక్క అనుకున్నాను.

ఆ చివర నుంచి ఈ మూడో పలకకి రావాలంటే మిగిలిన పలకలన్నీ దాటాలి. ప్రతి కన్నం వెనకా అదే గొట్టం. నేను మోకాళ్ళ మీద కూర్చుని చెవి ఇనుముకి ఆనించాను. గున్న దెబ్బలు ఇంకా వస్తున్నాయి గానీ ముందున్నంత వేగం లేదు. ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకొకటి. ఎక్కడో చాలా దూరంగా, సన్నగా, వేరే దెబ్బ ఒకటి వినిపించింది. మా ఆయన. ఒక పలక దాటాడు. మళ్ళీ వినిపించింది. ఇంకొకటి దాటాడు. గున్న దెబ్బలు ఆగిపోయాయి. నేను కొట్టాను. కొట్టాను. అటునుంచి మా ఆయన దెబ్బ మాత్రమే, కొంచెం దగ్గరగా.

ఎంతసేపైందో నాకు తెలియదు. ఎవరో నా భుజం మీద చెయ్యేశారు, విదిలించి కొట్టాను. గున్నని లాగడానికి దిగిన వెల్డర్లలో ఒకడు నిచ్చెన కిందికొచ్చి అరిచాడు. మా ఆయన అవతల నుంచి చేతులు పెట్టి కట్లు కోసేశాడట. సిలిండరు అటువైపు పడిపోయింది. వాళ్ళు కాళ్ళు పట్టి ఇటు లాగారు.

గున్నని తాళ్ళతో పైకి తెచ్చి డెక్కు మీద పడుకోబెట్టారు. పెదాలు నల్లబడ్డాయి. పక్కటెముకల మీద చర్మం లేచిపోయింది. ముసుగు తీసి మొహాన నీళ్ళు చల్లాను, చెంప మీద కొట్టాను, తిట్టాను. కాసేపటికి దగ్గాడు. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఏడవకక్కా, అందరూ చూస్తున్నారు" అన్నాడు. నేను ఏడుస్తున్నానని నాకు అప్పటిదాకా తెలీదు.

మా ఆయన ఆ చివర కన్నంలోంచి పైకొచ్చి అక్కడే కూలబడ్డాడు.

మేనేజర్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. సర్వేయర్ వైపు తిరిగాడు. "భయపెట్టాడు గానీ సార్, ఒకందుకు మంచిదే అయింది. లోపల ఏదైనా జరిగినా మనిషిని క్షేమంగా బయటికి తీయొచ్చని మీ కళ్ళతో మీరే చూశారు" అన్నాడు.

నేను లేచాను. ఎలా లేచానో, ఏ ముహూర్తాన లేచానో, యార్డులో ఈ రోజుకీ చెప్పుకుంటారు.

"సార్, మీరు దూరండి" అన్నాను సర్వేయర్‌తో. "మీరు పెద్దవారు, మోకాలు నొప్పి, నాకు తెలుసు. దూరకండి, దాని ముందు నిలబడి చూడండి చాలు. మొదటి పలక కాదు, మూడో పలక. నా తమ్ముడి తోలు ఇంకా దానికే అంటుకుని ఉంది."

"ఏయ్, నోరు అదుపులో పెట్టుకో" అన్నాడు మేనేజర్. ఈసారి నవ్వలేదు.

సర్వేయర్ కోటు విప్పి నా చేతికిచ్చాడు. బిళ్ళ లేదాయనకి, జేబులోంచి తాళాల గుత్తి తీసి ఇచ్చాడు. నిచ్చెన దిగాడు. నేను దెబ్బ కొడితే చాలాసేపటికి జవాబిచ్చాడు. పైకొచ్చేసరికి చొక్కా భుజం మీద రంగు, చేతుల మీద రంగు. ఆయన దూరబోయాడని అర్థమైంది.

"ఆ గొట్టం తీసేదాకా ఈ ఓడకి నా సంతకం లేదు" అన్నాడు మేనేజర్‌తో. తర్వాత మా ఆయన దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాడు. "మూడోది మొదలు అన్ని పలకలకీ ఇలాగే ఉందా?"

"అన్నిటికీ అండి."

"ముందు కట్టిన ఓడలు?"

మా ఆయన తలెత్తలేదు. "వాటికీ అంతే అండి. ఒకటే బొమ్మ. అన్నిట్లోనూ నేనే దూరాను."

ఆ ఓడలన్నిటికీ సంతకం పెట్టింది ఈ సర్వేయరే. వాటి యజమానులకి రాస్తానన్నాడు. రాశాడు కూడా. ఓడ నీళ్ళలో తిరుగుతుండగా గొట్టం కోయడం కుదరదని, మళ్ళీ ఒడ్డుకెక్కించి మరమ్మతు చేసేటప్పుడు చూస్తామని వాళ్ళు జవాబిచ్చారట. అది ఏళ్ళ మాట.

మా ఓడ మాత్రం విప్పారు. గొట్టాలు ఒక్కొక్కటే బయటికొస్తుంటే నాకు పండగలా ఉంది. గున్న పక్కటెముకల కట్టుతో ఇంట్లో కూర్చుని నా చేతి వంట తింటున్నాడు. మా ఆయన కూడా తింటున్నాడు, రెండోసారి అడిగి మరీ. ఇక తనని దూరమని ఎవరూ పిలవరని ఆయనకి అర్థమైంది. నేను గెలిచాననుకున్నాను. చెప్పుకోవాలంటే, కాస్త గర్వం కూడా వచ్చింది.

కట్టు విప్పిన వారానికి గున్నకి కంపెనీ నుంచి కబురొచ్చింది. మా ఓడ ఇప్పట్లో తేలదు గనక వాణ్ణి ఊరికే కూర్చోబెట్టి జీతం ఇవ్వరు. ఇంకో ఓడ మీద పంప్‌మ్యాన్ దిగిపోతున్నాడట, ఆ చోటికి వెళ్ళమన్నారు. ఓడ పేరు వినగానే మా ఆయన చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. మేం కట్టిందే. ఇదే నమూనా. ఆయన దూరి చూపించిందే.

వెళ్ళొద్దన్నాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. ఇప్పుడు కాదంటే ఇంకే ఓడా ఎక్కనివ్వరన్నాడు గున్న. నిజమే, ఎక్కనివ్వరు.

యార్డు గేటు ముందు బస్సు ఆగే చోటికి ముగ్గురం నడిచాం. పొద్దుటి షిఫ్టువాళ్ళు లోపలికి పోతున్నారు. మా ఆయన గున్నని పక్కకి తీసుకెళ్ళి, చెయ్యి ముందు పెట్టి, భుజం వంచి ఏదో చూపిస్తున్నాడు. ఎడమ చెయ్యి ముందు పోనివ్వాలి, సిలిండరు ఒక పక్కకి జార్చుకోవాలి, ఊపిరి పూర్తిగా వదిలాకే నడుం తిప్పాలి. రోడ్డు మీద జనం చూస్తున్నా పట్టించుకోకుండా, లేని కన్నంలో దూరి చూపిస్తున్నాడు. గున్న తలాడిస్తూ విన్నాడు. వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి కొలిచినట్టు చూసి, మా ఆయన మధ్యలోనే ఆపేశాడు.

బస్సు వచ్చేసింది. నేను గున్న చొక్కా పట్టుకున్నాను.

"ఆ సందులోకి దిగకు. నా మీద ఒట్టు వెయ్యి. ఎవరు చెప్పినా సరే దిగకు."

వాడు నవ్వాడు. "భయపడకే పిచ్చి అక్కా. దిగిపోతున్న పంప్‌మ్యాన్‌తో నిన్ననే మాట్లాడాను. ఓడ నీళ్ళలో పడిన దగ్గర్నుంచీ ఆ మూడో పలక దాటి ఎవడూ వెళ్ళలేదట. మొదట్లో ఒకడు ఇరుక్కోబోయి వెనక్కొచ్చేశాడట, అంతే. అక్కడ అందరూ నిచ్చెన మీద నుంచే లైటు వేసి చూసేస్తారట. నేనూ అంతే చేస్తాలే."

నా ప్రాణం లేచొచ్చింది. నిజం చెబుతున్నాను, ఆ మాట విన్న క్షణం నాకు కలిగింది సంతోషమే. వాడి నుదురు ముద్దు పెట్టుకున్నాను. వాడు బస్సెక్కాడు, బస్సంతా ఒక పక్కకి ఒరిగింది, కండక్టర్ ఏదో జోకేశాడు.

అప్పుడు మా ఆయన వైపు చూశాను. సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉన్నాడు.

"ఇన్నేళ్ళుగా అవతల తుప్పు ఎవరూ చూడలేదా?" అన్నాడు. నన్ను కాదు, ఎవర్నీ కాదు. "మరి వాడు ఆ గోడల్ని నమ్ముకునేగా పడుకునేది?"

గున్న కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి ఊపుతున్నాడు. బస్సు కదిలింది. లోపలికి దిగి చూడమని అరవాలో, దిగొద్దని అరవాలో నాకు తెలియలేదు. యార్డంతా భయపడే నా నోరు తెరుచుకునే ఉంది. ఏ మాటా రాలేదు.